తుపాకీ ఒక్కదాన్నే తేకండి

మా టామరాక్ ఊళ్లో ఐలీ పెల్కొనెన్ ఇంటి ముందు ఒక చెక్క బోర్డు ఉంది. తెల్ల రంగు మీద ఎర్ర అక్షరాలు. "ఆగిపోయే తుపాకులు బాగుచేస్తాను. తుపాకీ ఒక్కదాన్నే తేకండి, మీరు కూడా రండి." అంతే. ఫోన్ నంబరు లేదు, పేరు కూడా లేదు. అమెరికా ఉత్తర కొసన, సుపీరియర్ సరస్సుకు ఈ పక్క అడవుల్లో పుట్టిన ఎవడికైనా ఆ ఇల్లు తెలుసు, ఆవిడ నోరూ తెలుసు. తెలియనివాడు ఒక్కసారి వెళ్తే చాలు, తెలుసుకుని వస్తాడు.

నేను రూడీని. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఈ ఊరికి ఉత్తరాలు పంచాను. రిటైరయ్యానని తెలియగానే షూటింగ్ క్లబ్బువాళ్లు మార్కులు వేసే పని నా నెత్తిన పెట్టారు. ఐలీది మా పక్కిల్లు. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అంటాను. ఆవిడ నన్ను ఏమంటుందో చెప్పను గానీ, ఏ రోజు మర్యాదగా పిలిస్తే ఆ రోజు ఒంట్లో బాగా లేదేమోనని నాకు భయం వేస్తుంది.

వాళ్ల నాన్న రాగి గనిలో యంత్రాలు బాగుచేసేవాడు. మగపిల్లలు లేరని ఈవిణ్ణే వెంటేసుకుని తిరిగాడు. పెద్దయ్యాక ఐలీ స్కూలు బస్సు నడిపింది. ఈ ఊళ్లో సగం మందిని ఆవిడే బడికి తీసుకెళ్లింది, అందుకే తాతలైనవాళ్లు కూడా ఆవిడ ముందు తిన్నగా కూర్చుంటారు. బస్సు ఇంజను కాస్త దగ్గితే చాలు, ఏ నట్టు వదులైందో చెప్పేసేది. కలప లారీ తోలే ఉర్హోని పెళ్లాడింది. ఉర్హో కొండంత మనిషి, మాటల్లో మాత్రం పిసినారి. ఇద్దరి మాటలూ ఐలీయే మాట్లాడేది.

జూలైలో మా క్లబ్బుకీ పక్క ఊరి క్లబ్బుకీ పోటీ జరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైన్యపు రైఫిళ్లతోనే కాల్చాలి, వేరేవి పనికిరావు. పైనుంచి ఎనిమిది తూటాల ఇనప క్లిప్పు నొక్కితే చాలు, ప్రతిసారీ బోల్టు లాగక్కర్లేదు, గుండు వెనకాల గుండు తనంతట తనే ఎక్కుతుంది. గుండు గొట్టం దాటేటప్పుడు దాని వెనకాల గ్యాసులో కాస్త కిందికి మళ్లి ఒక కడ్డీని వెనక్కి తంతుంది. కడ్డీ బోల్టుని ఈడుస్తుంది, కొక్కెం ఖాళీ తూటాని పీకుతుంది, లోపలి మేకు దాన్ని బయటికి తోస్తుంది, స్ప్రింగు బోల్టుని ముందుకు తోస్తూ కొత్త తూటా ఎక్కిస్తుంది. ఇదంతా రెప్ప పడేలోపు. ఆఖరి తూటా కాల్చగానే ఖాళీ క్లిప్పు 'టింగ్' మంటూ పైకెగిరిపడుతుంది. ఆ చప్పుడు వింటే మావాళ్లకి కాఫీ తాగినంత హాయి.

కడ్డీ పూర్తిగా వెనక్కి రాకపోతే మాత్రం గొడవే. ఖాళీ తూటా బోల్టు నోట్లో ఇరుక్కుంటుంది, లేదా బోల్టు కొత్త తూటాని అందుకోకుండానే మూసుకుంటుంది. అప్పుడు ట్రిగ్గరు నొక్కితే 'టక్' అంటుంది, అంతే. ఇలాంటివి బాగుచేయడమే ఐలీ పని.

ఆవిడ పద్ధతి ఆవిడది. ఎవడైనా రైఫిల్ భుజాన వేసుకుని వచ్చి "ఆగిపోతోంది అక్కా" అంటే దాన్ని ముట్టుకోదు. "ఖాళీ చేసి చూపించు" అంటుంది. చూపించాక, "ఇప్పుడు పడుకో" అంటుంది. వంటింట్లోనే, పొయ్యి ముందర, నేలమీద. ఎలా పట్టుకున్నాడో, చెంప ఎక్కడ ఆనించాడో, మోచెయ్యి ఎక్కడ పెట్టాడో చుట్టూ తిరిగి చూస్తుంది. ఆ తరవాతే తుపాకీ జోలికి వెళ్తుంది.

"సగం రోగాలు మనిషివే" అనేది నాతో. "ఆ ట్రెవారో గాడిని చూడు. జనవరి చలిలో తుపాకీకి నూనె పోసి పోసి పట్టుకొచ్చాడు. పాన్‌కేక్ వేస్తున్నావా ఏంట్రా అన్నాను. ఆ నూనె గడ్డకట్టి జిగురైపోయింది. వాడి వదిన ఇంకో రకం. భుజానికి ఆనించకుండా గాల్లో పట్టుకుంటుంది. వెనక ఆనుడు లేకపోతే తన్నిన దెబ్బ ఎక్కడికి పోతుంది? కూర్చోబోతే కుర్చీ లాగేసినట్టే గదా!"

ఖాళీ తూటాలు ఎక్కడ పడుతున్నాయో చూడకుండా ఏ మాటా చెప్పేది కాదు. దిట్టంగా ఉన్న రైఫిల్ వాటిని కుడిపక్కకి, కాస్త ముందుకి, ఒకే చోట కుప్పగా విసురుతుంది. నీరసంగా మోచేతి పక్కన రాలుతున్నాయంటే కడ్డీకి బలం చాలడం లేదన్నమాట. గ్యాసు కారుతుండొచ్చు, స్ప్రింగు అలిసి ఉండొచ్చు, ఏదో ఒకటి అడ్డుపడుతూ ఉండొచ్చు. ఆవిడ నేలమీద ఇత్తడి తూటాలు చూసి వంటింటి కిటికీలోంచే రోగం చెప్పేసిన రోజులున్నాయి. చెప్పి ఊరుకుంటుందా? ఊరంతా వినేలా చెప్తుంది.

అలాంటి మనిషి తుపాకీయే ఆగిపోవడం మొదలైంది.

ఉర్హో పోయిన ఏడాదది. చలికాలంలో ఇంటి కప్పు మీద మంచు తోడుతూ కూలిపోయాడు. అదే చలికాలం మంచులో జారిన తన స్కూలు బస్సు వెనక తలుపులో ఐలీ ఎడమ చెయ్యి పడి నలిగింది, దాంతో బస్సు నడపడం మానేసింది. జూలై వచ్చేసరికి చెయ్యి అతుక్కుంది గానీ, రైఫిల్ తోలు పట్టీ బిగించి చుట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. అందుకని ఉర్హో చలికాలంలో వేసుకునే చాపర్ ఒకటి ఎడమ చేతికి తొడుక్కుని వచ్చింది. చాపర్ అంటే మా జింక తోలు చేతితొడుగు, లోపల ఉన్ని, బొటనవేలికి ఒక గది, మిగతా వేళ్లన్నిటికీ కలిపి ఒక సంచి. ఎండాకాలం చాపరేమిటని ఎవరూ నవ్వలేదు. అది ఎవరిదో అందరికీ తెలుసు.

ఆ ఏడాది వేగం పోటీలో నాలుగో గుండు దగ్గర రైఫిల్ ఆగిపోయింది. వేగం పోటీ అంటే పడుకుని, నిమిషం పైన కాస్త సమయంలో పది గుండ్లు కాల్చాలి. ముందు రెండు తూటాల క్లిప్పు, తరవాత ఎనిమిది తూటాలది. తుపాకీ ఆగిందన్న సాకు మా పోటీలో చెల్లదు, మళ్లీ కాల్చనివ్వరు, మిగిలిన గుండ్లకి సున్నాలే. ఆ సున్నాలు నా చేత్తో నేనే వేశాను.

మరుసటి ఏడాదీ అంతే. ఆ పై ఏడాదీ అంతే.

ఐలీ చెయ్యని పని లేదు. గ్యాసు మూత బిర్రుగా ఉందో లేదో చూసింది. స్ప్రింగు మార్చింది. తూటా గదిని తోమి తోమి అద్దం చేసింది. కొక్కెం మార్చింది, తోసే మేకు మార్చింది, గ్రీజు రకం మార్చింది, తూటాల పెట్టె మార్చింది. మార్చిన ప్రతిసారీ కంకర గుంట దగ్గర బల్ల వేసుకుని, కుర్చీలో కూర్చుని, రైఫిల్‌ని ఇసుక సంచి మీద పెట్టి కాల్చేది. అక్కడ బంగారంలా నడిచేది. ఖాళీ తూటాలన్నీ ఒక టోపీలో పట్టేంత చోట పడేవి. పోటీకి తీసుకెళ్తే మళ్లీ అదే కథ. పడుకుని ఎందుకు చూడలేదంటారా? మోకాళ్లు. ఒకసారి నేలమీదికి దిగితే లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆ శిక్ష ఏడాదికోసారి చాలనుకుంది.

"ఉర్హో పోయాక ఆ తుపాకీకి దిగులు పట్టింది" అనేవారు ఊళ్లో. ఐలీ వినపడనట్టు ఉండేది. ఒకరోజు మాత్రం కాఫీ పోస్తూ, "ఏమో రూడీ, నిజమేనేమో" అంది. ఆవిడ నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

అన్నిటికీ మించి రెయినో ఒకడు. ఉర్హో తమ్ముడు, పక్క ఊరి క్లబ్బు పెద్ద. వదినని ఆటపట్టించకపోతే వాడికి అన్నం సహించదు. రెండో ఏడాది చీపురు కర్రకి ఎర్ర రిబ్బను కట్టి బహుమతిగా తెచ్చాడు, బోల్టు నెట్టుకోడానికి పనికొస్తుందట. పోయిన జూన్‌లో చర్చి కింద గదిలో కాఫీ తాగుతుండగా మళ్లీ మొదలుపెట్టాడు.

"వదినా, ఈ ఏడు కర్ర ఇంకాస్త పొడుగ్గా చేయించమంటావా?"

"చేయించుకో. నీ నోట్లో కుక్కుకోడానికి పనికొస్తుంది."

"నీ దగ్గరికి తుపాకులు తెస్తున్నారా ఇంకా? లేకపోతే నీదే పట్టుకుని నా దగ్గరికి రా. మరిదిని గదా, బాగుచేసి పెడతా."

అందరూ నవ్వారు. ఐలీ కప్పు బల్ల మీద పెట్టి లేచింది. మొహం ఎర్రబడింది.

"అందరూ వినండి. ఈసారి నా తుపాకీ ఆగిందంటే ఆ బోర్డు నా చేత్తో నేనే పీకి సౌనా ఆవిరిగది పొయ్యిలో పెడతా. మళ్లీ ఎవడి తుపాకీ ముట్టుకోను. ఇదుగో, పాస్టరు గారి ముందు చెప్తున్నా!"

రెయినో మొహంలో నవ్వు ఎండిపోయింది. అంత దూరం వెళ్తుందని వాడనుకోలేదు.

నాకైతే ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ బోర్డు ఆవిడకి ఏమిటో పక్కింట్లో ఉన్న నాకు తెలుసు. పిల్లల్లేరు. ఉర్హో లేడు. బస్సు లేదు. ఆ వంటింట్లోకి మనుషులు వచ్చేది తుపాకులు పట్టుకునే. వాళ్లని తిట్టి, నేలమీద పడుకోబెట్టి, ఏలకుల రొట్టె తినిపించి పంపడమే ఆవిడ బతుకు. ఈ మూడేళ్లలో వాళ్లూ తగ్గిపోయారు. వచ్చిన ఒకరిద్దరూ "నీది బాగైందా అక్కా?" అని అడిగి పోయేవారు. బోర్డు పోతే ఆ ఇంటి తలుపు తట్టేది నేనొక్కణ్ణే, అదీ ఆవిడకి నామీద కోపం లేని రోజుల్లో. ఆ మాట ఆ సాయంత్రమే అనేశాను.

"నోరు జారావక్కా."

"జారలేదు. విసిరాను" అంది.

పోటీకి ముందు శుక్రవారం మధ్యాహ్నం రెండు క్లబ్బులవాళ్లూ మా మైదానంలోనే సాధన చేశారు. ఈసారి ఐలీ కుర్చీ తేలేదు. చాప పరిచి, మూలుగుతూ, నన్నూ దేవుణ్ణీ కలిపి తిట్టుకుంటూ కిందికి దిగింది. చాపర్ తొడిగి, పట్టీ బిగించి, వేగం పోటీలో లాగే మొదలుపెట్టింది. మొదటి ఖాళీ తూటా మోచేతి పక్కన రాలింది. రెండోదీ అక్కడే. కొత్త క్లిప్పు నొక్కింది. రెండు కాల్చాక 'టక్'.

దోమల మోత ఒక్కటే. ఐలీ తుపాకీ ఖాళీ చేసి, లేచి కూర్చుని, దానికేసి చూస్తూ ఉండిపోయింది. రెయినో వచ్చి పక్కన కూలబడ్డాడు. ఎగతాళి చేస్తాడనుకుని నేను తిట్టడానికి సిద్ధమయ్యాను.

"ఇటివ్వు వదినా, ఒకసారి చూస్తా" అన్నాడు మెల్లగా.

వాడు పడుకుని ఎనిమిదీ గబగబా కాల్చేశాడు. ఖాళీ తూటాలు కుడిపక్కన ముందుకి ఎగిరి ఒకే చోట కుప్ప పడ్డాయి. 'టింగ్'!

"ఇదేం తుపాకీ వదినా, బంగారం! దీనికి రోగమేమిటి?"

ఐలీ కళ్లు చిన్నవయ్యాయి. "నీది ఇటివ్వు."

"నాదా? నాది పుట్టి బుద్ధెరిగాక ఆగలేదు."

"అందుకే ఇమ్మంటున్నా."

రెయినో రైఫిల్ కూడా అదే జాతి. ఐలీ దాన్ని పట్టుకుని మళ్లీ పడుకుంది. ఒకటి. రెండు. మూడో దానికి ఖాళీ తూటా బోల్టు నోట్లో నిలువుగా ఇరుక్కుని, మాకేసి వెక్కిరిస్తున్నట్టు నిలబడింది.

వెనకనుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు నవ్వాడు. చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. రెయినో మాత్రం "అయ్యయ్యో, నా తుపాకీ!" అంటూ జుట్టు పట్టుకున్నాడు.

"నోళ్లు మూయండి!" అంది ఐలీ. బస్సులో అరిచిన అరుపే అది. ముసలాళ్లంతా టక్కున మూశారు. "ఒరే రూడీ, మా బోర్డు మీద ఏం రాసుంది?"

"ఆగిపోయే తుపాకులు బాగుచేస్తాను."

"ఆ తరవాత?"

"తుపాకీ ఒక్కదాన్నే తేకండి, మీరు కూడా రండి."

"మూడేళ్లుగా తుపాకీ ఒక్కదాన్నే బల్ల మీద పడుకోబెట్టాను" అంది ఐలీ. "నేను వెళ్లలేదు."

అప్పుడు జరిగిన తతంగం చూసి తీరాలి. ఐలీ తన రైఫిల్ పూర్తిగా ఖాళీ చేసి, తూటా గదిలో వేలు పెట్టి చూసి, రెయినోకి కూడా చూపించి, మళ్లీ అదే తీరులో పడుకుంది. పక్క ఊరి క్లబ్బు పెద్దని, అంత లావు మనిషిని, తన కుడిపక్కన బోర్లా పడుకోబెట్టింది. నన్ను తలవైపు నిలబెట్టింది.

"రెయినో, కడ్డీ పిడి పట్టుకుని వెనక్కి లాగు. మెల్లగా. మెల్లగా అంటే నీ లెక్కలో మెల్లగా కాదు, నా లెక్కలో."

రెయినో లాగాడు. కొంచెం కదిలింది. 'సర్ర్' మని తోలు రాసుకున్న చప్పుడు. వాడు ఆగిపోయాడు.

"ఏమైంది? లాగరా!"

వాడు వేలు పెట్టి చూపించాడు. వంగి చూశాను. ఐలీ చెయ్యి చిన్నది, ఉర్హో చెయ్యి పార. ఆ చాపర్ లోపల ఆవిడ వేళ్లు అయిపోయాక ఇంకా బెత్తెడు ఖాళీ తోలు ఉంది. ఆవిడవి పొట్టి చేతులు, పట్టు బాగా వెనక్కి, క్లిప్పు దగ్గరికి వస్తుంది. ఖాళీ తోలు కొస చెక్క మీదినుంచి పైకి వంగి, సరిగ్గా కడ్డీ జారే దారిలో పడుకుని ఉంది. పట్టీ బిగించినకొద్దీ అది ఇంకా గట్టిగా ఒరుసుకుంటోంది.

"వదినా" అన్నాడు రెయినో. "అన్నయ్య తొడుగు."

ఐలీ చాపర్ తీసి కొస చూసింది. దానిమీద నల్లటి గ్రీజు చార. మూడేళ్లుగా అది అందరి కళ్లకీ కనపడుతూనే ఉంది. కలప లారీ మనిషి తొడుగు మీద గ్రీజు ఉండకపోతే ఆశ్చర్యం గానీ, ఉంటే ఎవరు పట్టించుకుంటారు? ఐలీ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది లారీ గ్రీజు కాదు" అంది. "నాది. నేను కడ్డీకి రాసేది."

ఊరంతటినీ నేలమీద పడుకోబెట్టి చేతులు చూసిన మనిషి తన చెయ్యి తాను చూసుకోలేదు. ఎలా చూస్తుంది లెండి, అది ఆవిడకి తన చెయ్యిలా కనపడితే కదా.

"తీసేసి కాల్చు వదినా" అన్నాడు రెయినో.

"ఉత్త చేత్తో పట్టీ బిగిస్తే రెండో గుండుకే ఈ చెయ్యి చచ్చిపోతుంది."

"నా గ్లవ్స్ ఉన్నాయి, ఇవ్వనా?" అన్నాను. ఆవిడ చూసిన చూపుకి వాటిని మళ్లీ సంచిలో పడేశాను. చాపర్ కోటు జేబులో పెట్టుకుని, లేపమని చేతులు చాపింది. ఇద్దరం లేపాం. కారెక్కి వెళ్లిపోయింది.

శనివారం పొద్దున మైదానంలో బల్లలు నిండిపోయాయి. మాంసం కూరిన పాస్టీ రొట్టెలు, పొగబెట్టిన చేప, ఏలకుల రొట్టెలు, బిందెడు కాఫీ. అందరూ తింటున్నారు గానీ కళ్లన్నీ దారి మీదే. ఐలీ వచ్చింది. తిన్నగా రెయినో కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్లి, పళ్లేలు పక్కకి తోసి, చాపర్ అక్కడ పెట్టింది.

"మీ అన్న కత్తి ఇలా ఇవ్వు."

ఉర్హో నడుముకి కట్టుకు తిరిగిన కత్తి అది, ఆయన పోయాక ఐలీయే మరిదికి ఇచ్చింది. రెయినో ఒర నుంచి తీశాడు గానీ ఇవ్వలేదు.

"నేను కోస్తాను వదినా. నీకెందుకు?"

"నా మొగుడి తొడుగు. నేనే కోస్తాను."

ఆవిడ చాపర్ తొడుక్కుని, తన వేళ్ల కొసలెక్కడో తడిమి చూసుకుని, అక్కడ గోటితో గీత గీసింది. తీసి బల్ల మీద పరిచి కత్తి పెట్టింది. జింక తోలు మొండిది. రెండుసార్లు ఆగింది. మూడోసారి పళ్లు బిగించి లాగేసరికి కొస తెగి, లోపలి ఉన్నితో సహా ఊడి వచ్చింది. ఆవిడ కళ్లనిండా నీళ్లు. తుడుచుకోలేదు.

"చూశావా ఉర్హో" అంది చాపర్‌తోనే. "బతికున్నప్పుడు ఒక్క పనికీ అడ్డం రాలేదు. పోయాక వచ్చావు."

రెయినో తెగిన కొసని చేతిలోకి తీసుకున్నాడు. "ఈ చేత్తోనే నా చెవి మెలిపెట్టేవాడు" అన్నాడు.

"చాల్లేదు. ఇంకాస్త మెలిపెట్టి ఉండాల్సింది" అంది ఐలీ. అంతే, బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారి నవ్వారు, ఆవిడా నవ్వింది, నవ్వుతూనే ముక్కు చీదింది.

వేగం పోటీ మొదలయ్యే వేళకి నేను వెళ్లి ఐలీ వెనకే నిలబడ్డాను. మార్కులు వేసేవాడికి ఎవరి పక్షమూ ఉండకూడదంటారు. అన్నవాణ్ణి తీసుకురండి, మాట్లాడతాను.

ఐలీ చాప మీద దిగింది. కొస తెగిన చాపర్ అరచేతినీ చేతి వెనకనీ కప్పింది, వేళ్ల కొసలు మాత్రం బయట గులాబీరంగులో ఉన్నాయి. పట్టీ బిగించింది. ఈల వినపడింది.

మొదటి గుండు. ఇత్తడి మెరిసి, కుడిపక్కకి, ముందుకి ఎగిరింది. మోచేతి పక్కన కాదు, దూరంగా! రెండో గుండు. 'టింగ్'. ఎనిమిది తూటాల క్లిప్పు నొక్కింది, బోల్టు పులి నోరులా మూసుకుంది. ఒకటి. రెండు. అంటే మొత్తం మీద నాలుగోది, మూడేళ్లుగా బావిలో పడినట్టు ఆగిన చోటు. మైదానంలో మిగతా తుపాకులు మోగుతూనే ఉన్నాయి గానీ నాకు ఆవిడదొక్కటే వినపడుతోంది.

ఐదోది పేలింది. ఖాళీ తూటా వెళ్లి మిగతా వాటి మీద పడి 'క్లింగ్' మంది. ఆరు. ఏడు. ఒక్కోటీ వెళ్లి అదే కుప్పలో. ఎనిమిది. ఐలీ తొందరపడలేదు, బస్సు మలుపు తిప్పినట్టు నిబ్బరంగా కాలుస్తోంది. తొమ్మిది. పది. క్లిప్పు గాల్లోకి లేచి ఎండలో ఒక్క మెరుపు మెరిసి 'టింగ్' మంది.

కాల్పులు ఆపమన్న ఈల వచ్చేదాకా ఎవరూ కదలకూడదని నియమం. ఈల వచ్చిందో లేదో మావాళ్లు అరిచిన అరుపుకి అడవిలో కాకులు లేచాయి. నేనూ అరిచాను. పక్క ఊరి క్లబ్బువాళ్లు కూడా అరిచారు, సిగ్గు లేకుండా. ఐలీ చాప మీదే వెల్లకిలా తిరిగి, చాపర్ ఉన్న చెయ్యి ఆకాశానికెత్తి, "విన్నావా ముసలోడా! విన్నావా!" అని కేక పెట్టింది.

లక్ష్యం కాగితం దగ్గరికి నేను నడవలేదు, పరిగెత్తాను. పదీ నల్లటి చుట్టులోపలే. అందులో ఆరు నడిబొడ్డున, అరచేతితో మూసేయొచ్చు. నిలబడి కాల్చే పోటీ కూడా అయ్యాక మొత్తం లెక్కేస్తే ఐలీ మొదటిది, రెయినో రెండోవాడు. రెండుసార్లు కూడి చూశాను, రెయినో మూడోసారి కూడాడు, లెక్క మారలేదు.

వాడు కారు దగ్గరికి వెళ్లి ఎర్ర రిబ్బను కర్ర పట్టుకొచ్చాడు. ఈ ఏడు నిజంగానే పొడుగ్గా చేయించాడు, దరిద్రుడు. మోకాలికి అడ్డంపెట్టి విరగ్గొట్టబోయాడు.

"విరగ్గొట్టకు" అంది ఐలీ. "నాకు పనుంది."

ఆదివారం చర్చి అయ్యాక బోర్డు పక్కన గొయ్యి తీసి ఆ కర్ర పాతాం. దాని చివర మేకు కొట్టి ఉర్హో చాపర్ కొస తగిలించింది ఐలీ, గ్రీజు చార దారిన పోయేవాళ్లకి కనపడేలా. ఎర్ర రిబ్బను తీయలేదు, మరిది ముచ్చటపడి కట్టాడు ఉండనీ అంది.

సోమవారం పొద్దున నేను కాఫీకి వెళ్లేసరికి ఐలీ వాకిట్లో నాలుగు కార్లున్నాయి. వంటింట్లో ట్రెవారో రొట్టె నములుతున్నాడు, ఇంకో ముగ్గురు ఒళ్లో రైఫిళ్లతో బడిపిల్లల్లా కూర్చున్నారు. అందరికంటే వెనకాల గుమ్మంలో రెయినో, చేతిలో తుపాకీ.

"వదినా, శుక్రవారం నీ చేతిలో ఆగిన దగ్గర్నుంచీ దీనికేదో అయింది. మొన్న గురి తప్పుతూనే ఉంది. ఒక్కసారి చూడవా?"

ఐలీ పొయ్యి దగ్గరనుంచి వెనక్కి కూడా తిరగలేదు. "ఒక్కదాన్నే తెచ్చావా?"

"లేదు. నేనూ వచ్చాను."

"అయితే ఖాళీ చేసి చూపించి, లైన్లో కూర్చో. నీ వంతు రాగానే పడుకుందువుగాని" అంది ఐలీ, ఇంకో కప్పు తీసి కాఫీ పోస్తూ.